అడగకముందే విప్పిన పొట్లాలు

డ్రమ్ము మూత తీయగానే కొత్త సారు ముఖం తిప్పుకున్నాడు.

"ఇది గుడ్డ వాసన కాదు. ప్లాస్టిక్ కాలిన వాసన. దీన్ని నేను పేషెంట్ మీద పరవను."

ఆవిరి పట్టించి తెచ్చిన ఆకుపచ్చ షీట్లు, గౌన్లు ఆ డ్రమ్ములో మడతల మీద మడతలుగా ఉన్నాయి. హెర్నియా ఆపరేషన్‌కు బిజినేపల్లి నుంచి వచ్చిన రైతు బల్ల మీద కూర్చుని, తన వల్లే ఏదో తప్పు జరిగిందన్నట్టు అందరి ముఖాలూ చూస్తున్నాడు. మత్తు ఇంకా ఇవ్వలేదు. థియేటర్ సిస్టర్ తలుపు వైపు చూసింది. తలుపు బయట ఎర్రగీత దాటకుండా నేను నిలబడి ఉన్నాను. ఆస్పత్రి స్టోరు నా చేతిలో ఉండేది కాబట్టి లోపల ఏది బాగాలేకపోయినా ఆ చూపు నా దగ్గరికే వచ్చేది.

ఆ రోజుకు ఒకసారి వాడి పారేసే షీట్ల కట్ట ఒకటి ఇచ్చాను. ఆపరేషన్ అయిపోయింది. సాయంత్రం కొత్త సారు మేడం గదిలో కూర్చుని, వచ్చే నెల నుంచి గుడ్డలు బంద్ చేద్దామన్నాడు. షీట్లు, గౌన్లు, టోపీలు, అన్నీ పారేసేవే తెప్పించాలన్నాడు. మేడం సరేనంది. గుడ్డల బీరువా ఖాళీ చేసి పెట్టమని నాకు కబురు వచ్చింది.

ఇది రెండువేల సంవత్సరం దాటిన తర్వాత, వనపర్తిలో ఒక చిన్న ఆస్పత్రిలో జరిగిన మాట. ఆస్పత్రి మేడంది. కాన్పుల ఆపరేషన్లు ఆమే చేసేది. గద్వాల నుంచి ఒక పెద్ద సారు వారంలో కొన్ని రోజులు వచ్చేవాడు. ప్రభుత్వ ఆస్పత్రిలో చేసి రిటైరైన సర్జన్. కొత్త సారు హైదరాబాద్‌లో చదువు ముగించుకుని వచ్చినవాడు. చెయ్యి మంచిదని పేరు. మనిషి కూడా చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే, ఈ రాసేదంతా ఆయన మీద కోపంతో రాసినట్టు ఉంటుంది.

నేను చదివింది ఏడో తరగతి. లెక్క నేర్చుకున్నది బడిలో కాదు, పల్లికాయ యార్డులో. మాది తిమ్మాజిపేట వైపు. మా నాయన కౌలుకు చేసిన పల్లికాయను వనపర్తి యార్డుకు తెస్తే, కాటా దగ్గర నిలబడేది నేను. తేమ అని ఎంత కోస్తున్నారు, మట్టి అని ఎంత తీస్తున్నారు, నోటితోనే లెక్కేసి అక్కడికక్కడే అడిగేదాన్ని. "ఈ పిల్లను ఇంట్ల పెట్టి రా పో" అని కాటా దగ్గరివాళ్లు మా నాయనను ఎగతాళి చేసేవారు. అప్పుడు పట్టుకున్న బుద్ధి ఇప్పటికీ పోలేదు. లోపలికి వచ్చింది ఎంత? పనికొచ్చింది ఎంత? మిగిలింది ఎక్కడికి పోయింది? ఈ మూడో ప్రశ్న దగ్గరే నేను ఎక్కడ పనిచేసినా ఎవరికో ఒకరికి కిట్టకుండా అయ్యాను.

గుడ్డల బీరువా ఖాళీ చెయ్యమన్నారని ఆస్పత్రి వెనక్కి వెళ్లి చెప్పాల్సిన పని కూడా నా మీదే పడింది. వెనక ఒక ఖాళీ జాగా ఉండేది. ఒక పక్క సిమెంటు తొట్లు, ఉతుకుడు బండ, తాళ్లు. ఒక మూలకు రేకుల గది. ఇంకో మూలకు గుంత. రేకుల గదిలో ఉండే ముసలామె ఆస్పత్రి బట్టలు ఉతికేది. ఆమెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. ఆ గది పనితో పాటు వచ్చింది. పని లేకపోతే గది కూడా లేదు. ఆమెకు భర్త లేడు. దగ్గు మాత్రం చాలా ఏళ్లుగా తోడుంది.

ఆమె గౌనును మెలిపెట్టి పిండుతోంది.

"ఏమంటుండు ఆ పిల్ల డాక్టరు? నా ఉతుకుడు మంచిగ లేదంటనా?"

"ఉతుకుడు కాదు పెద్దమ్మా. వాసనొస్తుందంటుండు."

"వాసన నాదా? గా గుంతది. పొద్దుగాల నేను ఆరేస్త. ఎండెక్కినాక వాచ్‌మన్ వచ్చి గుంతల కిరోసిన్ పోస్తడు. నల్లగ, జిగటగ పొగ. మల్ల తీస్త, మల్ల ఉతుకుత. ఒక్క గుడ్డను ఎన్నిమాట్ల ఉతకాలె చెప్పు?"

"వచ్చే నెల నుంచి ఉతికేది ఉండదంట. అన్నీ పారేసేటియే తెస్తరంట."

పిండుతున్న చేతులు ఆగాయి. నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

"అంటే నా పని పోతది. పొగ మాత్రం ఉంటది."

"ఇంకా ఎక్కువైతది."

"నీకు లెక్కలొస్తయ్ గద బిడ్డా. గీ లెక్క చేసినోడు ఎవడో జర వాన్నే అడుగు."

నేను అక్కడే బండ మీద కూర్చుని ఆ లెక్క మళ్లీ వేసుకున్నాను. గుడ్డకు వాసన ఎందుకు పట్టింది? పొగ వల్ల. పొగ ఎందుకు? థియేటర్‌లో పారేసినవి కాల్చడం వల్ల. గుడ్డకు వాసన పట్టిందని ఇప్పుడు ఏం చేస్తారట? ఇంకా ఎక్కువ పారేసేవి తెస్తారట. అవి ఎక్కడికి పోతాయి? ఆ గుంతలోకే. యార్డులో కూడా ఇంత మోసం లెక్క నేను చూడలేదు. అక్కడ కనీసం ఒకడికైనా లాభం వచ్చేది.

పసుపు సంచుల్లో, ఎర్ర సంచుల్లో కట్టిన ఆస్పత్రి చెత్తను తీసుకుపోవడానికి మహబూబ్‌నగర్ నుంచి ఒక బండి రావాలి. కాల్చకూడదని గోడ మీద బోర్డు కూడా ఉంది. బండి ఒక వారం వచ్చేది, ఒక వారం వచ్చేది కాదు. రానప్పుడు ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. గుంత ఉంది కదా.

బరువు తెలియకుండా నేను మాట్లాడను. మా నాయన వాడిన వేలాడే కాటా ఇంట్లో అటక మీద ఉంది. దాన్ని తెచ్చి, వెనక దూలానికి తగిలించి, మూతి కట్టిన సంచులను కట్టినట్టే తూచాను. ఆ రోజు మేడం ఒక సిజేరియన్ చేసింది. మంచి బరువుతో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల బరువు కేస్ షీటులో రాసి ఉంది. ఆ పిల్లను బయటికి తీసినందుకు మేం బయట పారేసిన సంచి, ఆ పిల్ల కంటే బరువుంది.

ఇంకో విషయం సంచిలో చెయ్యి పెట్టకుండానే తెలిసింది. ఆపరేషన్ అయ్యాక బల్ల పక్కన ట్రాలీని సర్దేటప్పుడు తలుపు అద్దంలోంచి చూశాను. విప్పిన కుట్టుదారాలు, విప్పిన గ్లౌజులు, విప్పిన పైపులు. రక్తం చుక్క కూడా అంటలేదు. ఎవరూ ముట్టలేదు. కానీ విప్పారు కాబట్టి మళ్లీ పనికి రావు. అన్నీ సంచిలోకే.

మరుసటి రోజు టీ వేళకు ముగ్గురు డాక్టర్లూ మేడం గదిలో ఉన్నారని తెలిసి వెళ్లాను. కూర్చోమనలేదు, నేను కూర్చోలేదు. బరువు సంగతి చెప్పాను.

మేడం కప్పు కింద పెట్టింది. "ఏందీ! బిడ్డలను తూచే కాటా మీద చెత్త పెట్టినవా?"

"లేదు మేడం. మాది పల్లికాయ కాటా."

"ఇంకా నయం!"

పెద్ద సారు నవ్వాడు. "పల్లికాయ కాటా అయితే తరుగు తీసినవా లేదా?"

"తీయలేదు సార్. తరుగే ఎక్కువుంది అందులో. వాడకుండా పారేసినవి."

నేను చెప్పాల్సింది చెప్పాను. కాల్చడం ఆపాలి, గుడ్డలు ఉండాలి, అవసరం లేనివి విప్పొద్దు. పర్యావరణం అనే మాట కూడా వాడాను. ఆ మాట నేను రేడియోలో విని నేర్చుకున్నది. గదిలో ఆ మాట వినగానే ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

మొదట మేడం అంది. "పేషెంట్ల చుట్టాలు ఏమడుగుతరో నీకు తెల్వదు. ‘కొత్త సామానే వాడినరా అమ్మా’ అని అడుగుతరు. పాకిట్ చింపిన చప్పుడు వినపడితే వాళ్లకు ధైర్యం. ఉతికిన గుడ్డ అంటే, ఇంతకుముందు ఎవరి మీద పరిచిన్రో అని చూస్తరు."

పెద్ద సారు నా పక్షం మాట్లాడతాడని అనుకున్నాను. ఆయన పనిచేసిన రోజుల్లో అన్నీ గుడ్డలే కదా. ఆయన నవ్వు ఆపేశాడు.

"చూడమ్మా, మేము గ్లౌజులు కడిగి, ఆరేసి, పౌడర్ చల్లి, చిరిగితే అతుకేసి మళ్ల తొడుక్కున్నం. అది గొప్ప కాదు. లేక. లేని కాలాన్ని ఎవరన్న పొగుడుతుంటే నాకు మంట. ఇప్పుడున్నది. ఉన్నప్పుడు కూడ లేనోని లెక్క బతకమంటవా?"

"గ్లౌజుల మాట నేను ఎత్తలేదు సార్. సూది, గ్లౌజు, రక్తం పడ్డ దూది, అవి మీకే తెలుసు. నేను గుడ్డ సంగతి, ముట్టకుండా పారేసే వాటి సంగతి అంటున్న."

కొత్త సారు బిస్కెట్ ముక్కను సాసర్‌లో తిప్పుతున్నాడు.

"నేను చదివిన దగ్గర ఒక పేషెంట్‌కు కుట్లల్ల చీము పట్టింది. ఎందుకు పట్టిందో ఇప్పటికీ ఎవ్వరికీ తెల్వదు. గుడ్డనా, గాలినా, చెయ్యినా, ఎవ్వరూ చూడలే. అందరి ముందు నిలబెట్టి అడిగింది నన్ను. ఆ పేషెంట్ భార్య నా కోటు పట్టుకుని అడిగింది. రేపు ఇక్కడ అట్లయితే, మీ పర్యావరణం వచ్చి నా పక్కన నిలబడుతదా?"

ఆయన భయం నిజమైనది. ఆ భయాన్ని తూచే కాటా మా నాయన కూడా కొనలేదు. కానీ భయం నిజమైనదని పొగ అబద్ధమైపోదు.

"నిలబడదు సార్," అన్నాను. "ఆ పొగ పడే దగ్గర మీరు కూడ వచ్చి నిలబడరు. అక్కడ ఒక ముసలామె నిలబడ్తుంది. దగ్గుకుంట."

"నోరు జర తగ్గించు," అంది మేడం.

తగ్గించి బయటికి వచ్చాను. మాట తగ్గించాను గాని పని తగ్గించలేదు.

థియేటర్ సిస్టర్ నాగర్‌కర్నూలు దగ్గరి పిల్ల. నెమ్మదస్తురాలు. ఆమెను పక్కకు పిలిచి, అన్నీ ఎందుకు ముందే విప్పుతావని అడిగాను.

ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. "సారు చెయ్యి చాచినప్పుడు చేతిల లేకపోతే ఎట్లుంటదక్కా? ఇంటికి అల్లుడొస్తే విస్తరిల అన్నీ వడ్డిస్తమా, లేకపోతే ‘ఇది తింటవా, అది తింటవా’ అని ఒక్కొక్కటి అడుగుతమా?"

మా వైపు అంతే. తింటారా అని అడిగి పెట్టడమంటే పెట్టే మనసు లేనట్టు. పెద్దమనిషి ముందు అన్నీ పెట్టాలి. ఆయన ముట్టకపోయినా సరే, విస్తరి నిండుగా ఉండాలి. మిగిలింది పారేసినా అది మర్యాదే. థియేటర్‌లో ట్రాలీ మాకు విస్తరి అయిపోయింది. కుట్టుదారాలను గారెల్లాగా, పైపులను పూర్ణాల్లాగా వడ్డిస్తున్నాం.

"సారు విప్పమన్నడా?"

"ఛీ, సార్లు చెప్పుడేంది? మనమే తెలుసుకోవాలె."

నేను నేరుగా కొత్త సారు దగ్గరికే వెళ్లాను. ఆయన వార్డు నుంచి వస్తున్నాడు.

"సార్, అన్నీ ముందే విప్పి పెట్టమన్నది మీరేనా?"

"నేనెక్కడ చెప్పిన? నేనొచ్చిన కాడి నుంచి విప్పే ఉంటయి. మేడం చెప్పి ఉంటరనుకున్న."

మేడంను అడిగాను. "నేనా? పెద్ద సారుకు అట్ల కావాలేమో అనుకున్న."

పెద్ద సారును అడిగాను. "నాకా? నా జీవితంల ట్రాలీ నిండుగ చూసింది ఇక్కడనే. మేడం పెద్ద మనసు అనుకున్న."

అంటే అడిగినవాడు ఒక్కడూ లేడు. విప్పొద్దన్నవాడు కూడా ఒక్కడూ లేడు. ఇది తెలిశాకైనా మారుతుందనుకున్నాను. కొత్త సారు భుజాలు ఎగరేశాడు. "సరే, ఎవరూ చెప్పలే. ఇప్పుడు అలవాటైంది. మారుస్తే, అవసరానికి దొరక్కపోతే ఎవరిది జిమ్మెదారి?" అన్నాడు. మేడం, "వచ్చే నెల పారేసే ప్యాకులు వస్తున్నయి కదా, ఇప్పుడు ఈ పంచాయితీ ఎందుకు," అంది.

చదువుకున్నవాళ్లతో వాదిస్తే గెలుస్తామని నేను ఎప్పుడూ అనుకోలేదు. వాళ్లకు మాటలు ఎక్కువ. కాబట్టి మాటలు ఆపేశాను.

ఆ వారం బండి రాలేదు. సంచులు పోగయ్యాయి. వాచ్‌మన్ కిరోసిన్ డబ్బాతో స్టోరు దగ్గరికి వచ్చాడు. కిరోసిన్ ఇవ్వనన్నాను. "మేడం చెప్పిన్రు," అన్నాడు. "మేడంకు నేను చెప్త," అన్నాను. మూతలున్న పెద్ద డ్రమ్ముల్లో సంచులన్నీ పెట్టించి, వాటిని ఆస్పత్రి ముందున్న కారు షెడ్డులోకి తోయించాను. మేడం ఇంటి నుంచి కారులో వచ్చేసరికి షెడ్డు నిండిపోయి ఉంది. కారు ఎండలో నిలబడింది.

"ఏంది ఇది?"

"ఆపరేషన్ సంచులు మేడం. బండి రాలే."

"వెనక్కి పంపు."

"వెనక పంపితే కాల్చాలె. కాలిస్తే షీట్లకు వాసనొస్తది. వాసనొస్తే కొత్త సారు గుడ్డలు వద్దంటరు."

"నాకు లెక్కలు చెప్పకు. పేషెంట్లు వచ్చే దారి ఇది. అందరు చూస్తుండ్రు."

"చూడనీయండి మేడం. మన దగ్గరివే కదా."

ఆమె ముఖం ఎర్రబడింది. "రేపటి నుంచి నువ్వు రావద్దు."

"రావద్దంటే రాను మేడం. గుంతకు పంపమంటే మాత్రం పంప."

ధైర్యంగానే అన్నాను. ఆ పని పోతే నాకు ఇంకో పని సిద్ధంగా లేదు. కానీ ఒకటి తెలుసు. చెత్త వెనక గుంతలో ఉన్నంతకాలం అది ఎవరిదీ కాదు. ముందుకు వస్తే మేడంది అవుతుంది.

కారు ఎండకు మాడుతుంటే, మేడం లోపలికి వెళ్లి మహబూబ్‌నగర్‌కు ఫోన్ చేసింది. ఆమె గొంతు వరండా దాకా వినపడింది. ఆస్పత్రి పెట్టినప్పటి నుంచి ఆ బండి కోసం ఆమె స్వయంగా ఫోన్ చేయడం అదే మొదటిసారి. మరుసటి రోజు పొద్దెక్కకముందే బండి వచ్చింది. నేను కూడా వచ్చాను. రావద్దన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, నేను గుర్తు చేయలేదు.

పొగ ఆగింది. పెద్దమ్మ ఉన్న షీట్లన్నీ మళ్లీ ఉతికి, రెండు ఎండల్లో ఆరేసి ఇచ్చింది. ఇప్పుడు డ్రమ్ము మూత తీస్తే ఆవిరి వాసన, గంజి వాసన తప్ప ఏమీ లేదు. అయినా నెల దగ్గరపడుతోంది. ప్యాకులకు ఆర్డర్ పోయింది. పెద్దమ్మ గదిలోని గిన్నెలను గోనెసంచిలో సర్దుతుంటే చూసి, "తీసి బయట పెట్టు," అని కసిరాను.

"ఏం నమ్మకంతోని పెట్టాలె?" అంది.

అప్పుడు వచ్చింది ఒక అపెండిక్స్ కేసు. చేసేది కొత్త సారే. ఆ పొద్దున సిస్టర్‌ను కూర్చోబెట్టి మాట్లాడాను. కోతకు మొదట కావలసినవి, రక్తం ఆపే సామాను విప్పి ఉండాలని ఆమె అంది. అది సరైన మాట. ఆ విషయం నాకు తెలియదు, ఆమెకు తెలుసు. మిగతావన్నీ మూసి ఉన్నట్టే, ట్రాలీ కింది అరలో, సామాను తెచ్చి అందించే రెండో సిస్టర్ చేతికి అందేలా పెట్టాం. అడిగినప్పుడే చింపాలి.

"సారు తిడితే?"

"స్టోరు ఆమె ఇయ్యలేదని చెప్పు. నేను తలుపు దగ్గరే ఉంట."

ఉన్నాను. అద్దంలోంచి చూస్తున్నాను. సగం పని అయ్యాక కొత్త సారు తల ఎత్తకుండా కుట్టుదారం అడిగి చెయ్యి చాచాడు. చెయ్యి ఖాళీగా ఉంది. వేళ్లు ఒకసారి ముడుచుకుని మళ్లీ తెరుచుకున్నాయి.

"ఏదీ?"

"విప్పుతుండ్రు సార్," అంది సిస్టర్. గొంతు పిల్లి గొంతులా వచ్చింది.

పొట్లం చింపిన చప్పుడు నాకు తలుపు అవతలికి వినపడింది. దారం ఆయన చేతిలో పడింది. మీరు ఒకసారి దగ్గితే ఎంతసేపో అంతే పట్టి ఉంటుంది. ఆయన తల ఎత్తి, నేరుగా అద్దంలోంచి నన్ను చూశాడు. మాస్కు పైన కళ్లు మాత్రమే ఉన్నాయి. అంత కోపం కళ్లలోనే పట్టడం నేను మళ్లీ చూడలేదు. తర్వాత తల దించి కుట్టడం మొదలుపెట్టాడు. రోగికి ఏమీ కాలేదు. ఆ విషయంలో మాత్రం నేను పందెం కాయలేదు. సిస్టర్ ఒప్పుకున్న చోటే నేను పట్టుబట్టాను.

బయటికి వస్తూ మాస్కు దించాడు.

"నా చెయ్యి ఖాళీగ ఉన్నప్పుడు నాకెంత కోపమొచ్చిందో తెలుసా?"

"కనపడ్డది సార్."

"భయం కాలేదా మీకు?"

"అయింది. సిస్టర్‌కు ఇంకా ఎక్కువైంది. ఒక్కసారి లోపలికి పోయి ట్రాలీ కింది అర చూడండి."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కింది అర నిండుగా ఉంది. మూసిన పొట్లాలు, పెట్టినవి పెట్టినట్టు. పక్కన చెత్త సంచి చిన్నగా, సగానికి మడిచి ఉంది.

"ఇది నేను చెప్తే నా మొండితనం సార్. మీరు చెప్తే పద్ధతి. మీరు ఒక్కమాట అనేదాక ఆ పిల్ల చేతులు వణుకుతనే ఉంటయి."

ఆయన వార్డు వైపు వెళ్లిపోయాడు. తర్వాతి కేసులో, చేతులు కడుక్కుని లోపలికి వస్తూ, గోడతో చెప్పినట్టుగా అన్నాడు. "సిస్టర్, నేను అడిగినాక విప్పు. ఆలస్యమైతే నేను ఆగుత."

అంతే. అందులో పర్యావరణం లేదు, కాటా లేదు. ఒక సర్జన్ నోటి నుంచి ‘ఆగుత’ అన్న మాట రావడానికి ఇంత అయింది.

గుడ్డల సంగతి మాత్రం అంత సులువుగా తేలలేదు. ఒకరోజు ఆయన మొదటిసారి ఆస్పత్రి వెనక్కి వచ్చాడు. బూట్లు తడవకుండా బండల మీద అడుగు వేసుకుంటూ తాళ్ల దగ్గరికి వచ్చి, ఒక షీటును ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఇగో బొక్కలు."

"యాడున్నయ్ సారూ? గిదా? దీంట్ల సూది గూడ పట్టది."

"సూది పట్టకున్నా క్రిమి పడుతది."

"పట్టేదాక నువ్వు ఊకుంటవా? కోసేది గంత తొందరగ కోస్తవట గద."

ఆయన నవ్వకుండా ఉండలేకపోయాడు. కానీ షీట్లు మాత్రం వదల్లేదు. ఒక్కొక్కటీ ఎండకు పట్టి, నేసిన దారం పలచబడ్డవన్నీ పక్కకు వేశాడు. కుప్పలో సగం అటే పోయింది. పెద్దమ్మ వాదించింది, నేను వాదించలేదు. అక్కడ ఆయన మాటే నిజం. పలచబడ్డ గుడ్డ తడిస్తే, అది పరిచినా ఒకటే, పరవకపోయినా ఒకటే. గద్వాల నుంచి చిక్కటి గుడ్డ తెప్పించి, రెండు పొరలు కుట్టించాలన్నాడు. ప్రతిసారీ ఎండకు పట్టి చూసి మడవాలన్నాడు. కామెర్ల కేసులకు, రక్తంలో జబ్బున్న కేసులకు పారేసే ప్యాకులే కావాలన్నాడు.

"మిగతావాటికి?" అన్నాను.

"వాసన లేని గుడ్డ, బొక్క లేని గుడ్డ ఇయ్యండి. ప్యాకులు నేను అడగ."

"మేడంకు మీరే చెప్పాలె."

"చెప్త," అన్నాడు. చెప్పాడు కూడా. ఆర్డర్‌లో చాలా భాగం తగ్గించారు.

అందరూ మారిపోయారని రాస్తే నా లెక్క తప్పుతుంది. పెద్ద సారు మారలేదు. "నా ట్రాలీ నిండుగ పెట్టుండ్రి, ఈ వయసుల నాకు కంజూస్ పని వద్దు," అన్నాడు. ఆయన వచ్చిన రోజుల్లో అన్నీ విప్పాం, పారేశాం. ఆయన లేమిని చూసినవాడు, ఆ భయం వేరే. మేడం చివరిదాకా ఇది మంచి పని అని ఒక్కసారి కూడా అనలేదు. గ్లౌజుల ప్యాకెట్‌ను మాత్రం చుట్టాలకు వినపడేలా తలుపు దగ్గరే చింపేది. కొత్త సారు కొన్నాళ్లకు హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రికి వెళ్లిపోయాడు. అక్కడ అడిగేదాకా ఆగుతున్నాడో, నిండు ట్రాలీ ముందు నిలబడుతున్నాడో నాకు తెలియదు. ఇక్కడ సిస్టర్‌కు మాత్రం ఆ పద్ధతి చేతికి వచ్చేసింది.

గుంత అలాగే ఉండిపోయింది. కాల్చడం ఆగింది గాని, గుంత కనపడుతుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అందులో విసిరేవారు. ఒక వాన వెలిసిన పొద్దున నేను వెనక్కి వెళ్లేసరికి గుంత లేదు. ఎర్రమట్టి నింపి, తొక్కి, దాని మీద రెండు కట్టెలు పాతి, కొత్త తాడు కట్టి ఉంది. పెద్దమ్మ ఆ తాడు మీద గౌన్లు ఆరేస్తోంది. పక్కన కట్టే ఇళ్లకు మట్టి తోలే ట్రాక్టరువాడిని బతిమాలి ఒక ట్రిప్పు పోయించుకుందట.

నా వెనకే మేడం వచ్చింది. చుట్టూ చూసింది.

"ఎవరినడిగి పూడ్చినవ్?"

పెద్దమ్మ నోట్లో ఉన్న క్లిప్పు తీసి గౌనుకు పెట్టింది.

"ఎవ్వర్ని అడుగలేదమ్మా. అడిగితే వద్దందురు," అని ఇంకో గౌను దులిపి తాడు మీద వేసింది.